పదిహేనో పేరు మీది ఎర్రగీత

ఆరో కాలువ తోట,
బాగన్ దాతుక్ జిల్లా.
2025 ఆగస్టు 11.

ప్రయోగ పాఠశాలల పరిశీలన సంఘం కార్యదర్శి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: తోటల్లో మూతబడిన బడులను ట్రస్టుల చేతికిచ్చి ఐదేళ్లు నడిపించి చూసేందుకు రాష్ట్ర శాసనసభలో పెట్టబోవు చట్టం – అందులో మా ఆరో కాలువ తోట బడి – 1986లో జరిగిన ఒక పేరు కొట్టివేత – నా అభ్యంతరములు – ఒక సెక్షను చేర్చవలెనని కోరిక.

సూచిక: తోట ఆఫీసు గోడకు తమరు అంటించిన నోటీసు.

పై విషయమై సూరినాయుడు, తండ్రి కీ.శే. అప్పలస్వామి, వయసు డెబ్బై ఎనిమిది, పూర్వం కొబ్బరికాయలు కోసే పని, ప్రస్తుతం ఏ పనీ లేదు, విన్నవించుకొనునది ఏమనగా:

నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. చదువు ఐదో తరగతి, ఈ తోట బడిలోనే. మలాయి మాట్లాడతాను, రాయలేను. తెలుగు రాస్తాను. ఎవరి మాతృభాషలో వారు అభ్యంతరం రాసి ఇవ్వవచ్చునని తమ నోటీసులో ఉంది. ఈ మలాయి దేశంలో పుట్టి డెబ్బై ఎనిమిదేళ్లు అయింది. తెలుగులో రాసివ్వమని నన్ను ఒక సర్కారు కాగితం అడగడం ఇదే మొదలు. కాబట్టి కొంచెం పొడుగు అవుతుంది. క్షమించవలెను.

1. చట్టం గురించి. నోటీసును నా మనవరాలు షామిని మూడుసార్లు చదివి చెప్పింది. నాకు అర్థమైనంతలో సంగతి ఇది. ఖర్చు సర్కారుది, నడిపేది ట్రస్టు. పంతుళ్లను వాళ్లే ఎంచుకుంటారు. ఏ గంటకు ఏ పాఠమో వాళ్లే పెట్టుకుంటారు. ఐదేళ్లలో పిల్లలకు చదువు రాకపోతే సర్కారు బడిని వెనక్కి తీసుకుంటుంది. మా బడి ఈ ప్రయోగంలోకి రావాలంటే తోటలో కాపురమున్న పదిహేను ఇళ్ల పెద్దలు తమ పిల్లల ఫారాల మీద సంతకాలు పెట్టాలి. ఈ నెల 22న తమ ఆఫీసులో జరిగే విచారణ ముగిసేలోగా పదిహేనూ బల్ల మీద ఉండాలి. ఒకటి తగ్గినా బడి లేదు.

ఈ చట్టం మీద నాకు కోపం లేదు. బడి తెరుస్తామంటే ఎవరికి కోపం. నా కోపం వేరే.

2. ట్రస్టు గురించి. మా బడి కోసం దరఖాస్తు పెట్టిన ట్రస్టులో సగంమంది సైబర్‌జయలో కంప్యూటర్ పని చేసేవాళ్లు. ఆంధ్ర నుంచి, తెలంగాణ నుంచి ఈమధ్య వచ్చినవాళ్లు. మంచి పిల్లలు. కార్యదర్శి అనూహ్య అనే అమ్మాయి. అధ్యక్షులు రాజన్ గారు, రిటైరైన హెడ్మాస్టరు. తల్లి తెలుగు, తండ్రి తమిళం.

తమ ఆఫీసు కిటికీ దగ్గరికి వెళ్లి తెలుగు అర్జీ ఎవరు చదువుతారని అడిగాను. అక్కడున్న అమ్మాయి, తెలుగుకు రాజన్ చిక్‌గు ఉన్నారని చెప్పింది. ఇక్కడ పంతుల్ని చిక్‌గు అంటాం. తెలుగు అభ్యంతరాలు ఏవి వచ్చినా సంఘం ముందు ఆయనే చదివి వినిపిస్తారట. అంటే బడి అడిగేవారూ ఆయనే, బడి మీద అభ్యంతరం చదివేవారూ ఆయనే. ఇది తప్పు, వేరే మనిషిని అడుగు అని షామిని అంటుంది. నేను అడగను. ఆయనే చదవవలెను. ఎట్టి పరిస్థితిలోనూ మార్చవద్దని నా మొదటి ప్రార్థన.

3. జాబితా గురించి. 1986లో మా తోట బడిలో తెలుగు తరగతి నిలవాలంటే పదిహేనుమంది తల్లిదండ్రులు రాతపూర్వకంగా అడగాలని అప్పటి హెడ్మాస్టరు చెప్పారు. అప్పుడు కూడా పదిహేనే. ఈ పదిహేను ఎవరు కనిపెట్టారో నాకు తెలియదు.

తోటలో మాటకారులు చాలామంది ఉన్నారు. వాళ్లు ఆ సాయంత్రం మాట్లాడుకుంటూ ఉన్నారు. కాగితం నా చేతికి వచ్చింది. నాలుగు సాయంత్రాలు కాలువ గట్టు వెంట ఇల్లిల్లూ తిరిగాను. నేను ఎవరినీ అడగలేదు. గుమ్మం ముందు కాగితం పట్టుకుని నిలబడ్డాను. వాళ్లే అర్థం చేసుకున్నారు. లెచ్చుమి అనే ఆవిడ వేలిముద్ర వేస్తూ, "నాయుడు నోరిప్పిందాకా కూకుంటే మా పిల్లడికి మీసాలొచ్చేత్తాయి. ఇటియ్యి కాయితం" అంది.

పద్నాలుగు పేర్లు అయ్యాయి. పదిహేనోది నా కూతురు సూర్యకుమారి. అప్పుడు తొమ్మిదేళ్లు. నా చేత్తో నేనే రాసి, పక్కన సంతకం పెట్టి, బడిలో ఇచ్చాను.

మూడు వారాలకు జాబితా నా చేతికే తిరిగి వచ్చింది. కింద హెడ్మాస్టరు ఆకుపచ్చ సిరాతో, పద్నాలుగే ఉన్నవి గనుక తరగతి లేదని రాశారు. పైన పదిహేనో పేరు మీద ఎర్ర సిరాతో గీత ఉంది. స్కేలు పెట్టి గీసిన గీత. పక్కన సంతకం లేదు, తేదీ లేదు, కారణం లేదు. జిరాక్సు జతపరచినాను. అసలుది బిస్కెట్ డబ్బాలో ఉంది. ఎవరికీ ఇవ్వను.

తరగతి పోయింది. పిల్లలు పట్నం బడికి మళ్లారు. రెండేళ్లకు తోట బడే పోయింది.

4. కొబ్బరికాయల గురించి. ఇది విషయానికి సంబంధం లేదని తమరు అనుకోవచ్చును. ఉంది.

మా తోటలో కాయలు కోసినవాడు తన కుప్ప మీది కాయకు కత్తితో తన గుర్తు చెక్కేవాడు. నా గుర్తు రెండు గాట్లు, మధ్యలో చుక్క. ఆ తర్వాత కిరాణి వచ్చేవాడు. కిరాణి అంటే తోట గుమాస్తా. లేతకాయలు ఎక్కువ కనబడితే కుప్ప మొత్తం తోసిపుచ్చేవాడు. తోసిపుచ్చినప్పుడు కుప్ప మీద సున్నంతో తన గుర్తు వేసేవాడు. అది రూలు. దొరల కాలం నుంచి ఉంది. మంచి కాయలు కాలువలో వేస్తే తేలుకుంటూ కొబ్బరి ఎండబెట్టే బట్టీకి పోయేవి. తోసేసిన కుప్ప గట్టు మీద ఉండిపోయేది. దారిన పోయే ఎవడైనా చూసి, ఇది కోసినవాడు ఫలానా, కాదన్నవాడు ఫలానా అని చెప్పగలిగేవాడు. కోసినవాడికి ఒప్పకపోతే పోయి ఆ మనిషితోనే పోట్లాడుకునేవాడు.

కొబ్బరికాయను కాదన్నవాడికి పేరు ఉంది. నా కూతుర్ని కాదన్నవాడికి లేదు.

5. ఐదవ అభ్యంతరం రాసి కొట్టివేసినాను. అందులో ఒకరి తల్లిగారి ప్రస్తావన వచ్చింది. ఆవిడ మంచి మనిషి, పోయింది. కొట్టివేసినది నేనే. పక్కన నా సంతకం, తేదీ ఉన్నవి. చూడవచ్చును. ఇంత సులభం.

6. గీత గీసినవారి గురించి. ఆ తెలుగు తరగతికి 1986లో ఒక తాత్కాలిక పంతులు ఉండేవారు. వయసు ఇరవై ఎనిమిది. పాఠం బాగా చెప్పేవారు, అది అబద్ధం చెప్పకూడదు. తరగతి నిలిస్తే ఆయన తోటలోనే ఉండిపోవాలి. తరగతి పోతే సుంగై పెటానిలో పెద్ద బడికి బదిలీ. బదిలీ కాగితం అప్పటికే ఆయన ట్రంకుపెట్టెలో ఉంది. నాకు తరువాత తెలిసింది. ఆ ట్రంకుపెట్టెను లారీ ఎక్కించినది నేనే. ఎక్కిస్తుంటే ఆయన నా భుజం తట్టి, "అణ్ణే, పాపని బాగా సదివించు" అన్నారు.

బడిలో ఎర్ర సిరా కలం ఒక్కరి దగ్గరే ఉండేది. పిల్లల కాపీలు దిద్దేవారి దగ్గర.

నా కూతురు సూర్యకుమారి పేరు మీద ఎర్రగీత గీసినవారు ........................ గారు.

పై ఖాళీ నేను మరిచిపోయి వదిలినది కాదు. ఆ పంతులుగారు మా పిల్లలకు 'ఖాళీలను పూరింపుము' అని పలకల నిండా ఇచ్చేవారు. పూరించని పిల్లవాణ్ణి నిలబెట్టేవారు. నేను పూరించను. చదివేవారు పూరించి, గట్టిగా, ఆఖరి కుర్చీకి వినబడేట్టు చదవవలెను. వేరే మనిషి పేరు పెట్టినా, దగ్గినా, మంచినీళ్లు తాగినా పూరించినట్టు కాదు.

పదిహేను పేర్లలో ఆ పేరే ఎందుకు ఎంచుకున్నారో నాకు ముప్ఫై తొమ్మిదేళ్లు తెలియలేదు. గత నెలలో తెలిసింది. తొమ్మిదవ అంశం చూడుడు.

7. నా పేరు గురించి. జాబితా ఇచ్చినది నేను. తగ్గినది నా కూతురి పేరు. కాబట్టి నేనే పోయి తీయించేశానని తోట మొత్తం అనుకుంది. బట్టీ దగ్గర కాయలు ఒలుస్తుంటే మారిముత్తు పదిమందిలో అడిగాడు. నా ఈడువాడు, నాతోపాటే కాయలు కోసినవాడు.

"ఏటి నాయుడూ, పిల్లని కలుపు పనికి అంపాలనుకుంటే నీ పిల్లని నువ్వు అంపుకో. మా పద్నాలుగుమంది పిల్లలు నీకేటి సేసినారు?"

అప్పుడు చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పబోయాను. "ఎర్ర సిరా" అన్నాను.

"ఏటీ?"

"ఏటీ నేదు" అన్నాను.

నా నోరు అలాంటిది. ఆ రోజు నుంచి నేను పదిహేనోణ్ణి. కొన్నాళ్లు కోపంగా పిలిచారు. తర్వాత నవ్వుతూ పిలిచారు. తర్వాత ఊరికే పిలిచారు. పెళ్లి భోజనాలకు పోతే, "పదిహేనోడొచ్చినాడు, ఆకెయ్యండి" అనేవారు. నేను కూర్చుని తినేవాణ్ణి. నిరుడు మారిముత్తు పోయాడు. మోసేటప్పుడు అతని కొడుకు శర్విన్, "పదిహేను మామా, నువ్వటు పక్క పట్టు" అన్నాడు. వాడికి నా మీద ఏ కోపమూ లేదు. నా అసలు పేరే అదనుకుంటున్నాడు.

నేను మారిముత్తును అటు పక్క పట్టుకుని మోశాను. మోస్తూ, వీడు నిజం తెలియకుండానే పోయాడు అనుకున్నాను. ఆ గీత గీసినవారికి ఈ లెక్క కూడా చెందుతుంది.

8. నా కూతురి గురించి. తరగతి లేదన్న తర్వాత కూడా సూర్యకుమారి వారం రోజులు పలక పట్టుకుని పోయి ఆ గది మెట్ల మీద కూర్చుని వచ్చింది. ఎనిమిదో రోజు పోలేదు.

"నాన్నా, నా పేరు నేదంట. నువ్వే తీసీమన్నావంట" అంది.

"నేదమ్మా" అన్నాను.

నమ్మిందో లేదో చెప్పలేదు. నేను అడగలేదు. ఆ పిల్ల కూడా నా పోలికే.

పట్నం బడిలో మలాయి చదువుకుంది. పెళ్లయ్యాక సుంగై పెటాని పోయి ఫ్యాక్టరీలో చేరింది. అదే ఊరు. ఇప్పుడు నలభై ఎనిమిదేళ్లు. ఆమె మలాయిలో రాసింది నేను చదవలేను. నేను తెలుగులో రాసింది ఆమె చదవలేదు. అయినా నేను పదకొండు ఉత్తరాలు రాశాను. పదకొండూ రబ్బరు బ్యాండు వేసి దాచుకుంది. మూడో ఉత్తరంలో, పేరు తీసింది నేను కాదమ్మా అని, తీసిందెవరో కూడా రాశాను. అది ఇంకా ఆమె బీరువాలో ఉంది.

ఫోనులో చెప్పవచ్చును కదా అని తమరు అడగవచ్చును. ఫోనులో నేను "తిన్నావా" అంటాను. "తిన్నాను. నువ్వు తిన్నావా" అంటుంది. అంతే.

మూడేళ్ల కింద ఆమె నుంచి ఫోనుకు ఒక పొడుగు మెసేజి వచ్చింది. షామిని పనికి పోయి ఉంది. తమ ఆఫీసు ఎదుటి సందులో టీ కొట్టు నడిపే పుష్పం దగ్గరికి తీసుకుపోయాను. ఆవిడ తమిళావిడ, కళ్లద్దాలు లేనిదే చదవలేదు. ఎవరో అద్దాలు వెతికి ఇచ్చారు. ఆవిడకు చెవి మందం, గట్టిగా చదివింది. నా కూతురికి గర్భసంచి తీసేశారని, నాన్నకు చెప్పడానికి సిగ్గేసి ఇన్నాళ్లు చెప్పలేదని, ఇప్పుడు నొప్పి లేదని. కొట్టులో పదకొండుమంది ఉన్నారు. లెక్కపెట్టాను. కప్పులు కింద పెట్టేసి విన్నారు. చదివినాక పుష్పం అద్దాలు తీసి, "నాకు తెలీదు అణ్ణా, తెలిస్తే మెల్లగా చదివేదాన్ని" అంది. ఆవిడ తప్పు లేదు.

ఒక తండ్రి ఆ కబురు అలా వినకూడదు. అది చదవడానికి నాకు రాదు, ఇది చదవడానికి ఆమెకు రాదు. మధ్యలో ఒక ఎర్రగీత ఉంది.

తమ సంఘంలో ఎంతమంది కూర్చుంటారని కిటికీ దగ్గర అడిగాను. పదకొండుమంది అన్నారు. సరే అన్నాను.

9. గత నెల విచారణ (మా ఇంట్లో జరిగినది). జూలై నెలలో ఒక మధ్యాహ్నం రాజన్ గారు, అనూహ్య కారులో మా ఇంటికి వచ్చారు. అప్పటికి పద్నాలుగు ఫారాలు అయ్యాయి. మా ఇంట్లో షామిని కూతురు తర్షిణి ఉంది, ఏడేళ్లు. తోట చిరునామా ఉన్న ఇంటిపెద్దను నేను. కాబట్టి సంతకం నాది.

"తాతగారూ, మీ ఒక్క సంతకంతో పదిహేను పూర్తవుతాయండి. పాప మన తెలుగు కూడా నేర్చుకుంటుంది. మీకు సంతోషమే కదా?" అని అనూహ్య అడిగింది. పుస్తకం లాంటి తెలుగు. వినడానికి బాగుంటుంది. నేను టీ తెచ్చాను.

రాజన్ గారు ఫారం చేతిలోకి తీసుకుని చదివారు. "తర్షిణి. సూర్యకుమారికి మనవరాలా?" అన్నారు.

తలూపాను.

అనూహ్యకు ఫోను వచ్చింది. మా ఇంట్లో సరిగ్గా వినబడదు. కారు దగ్గరికి పోయింది. ఇద్దరమే మిగిలాం. ఆయన ఫారం బల్ల మీద పెట్టారు.

"అణ్ణే, పాతది ఇంకా మనసులో ఎట్టుకున్నావా?"

నేను ఆయన కప్పులో ఇంకొంచెం టీ పోశాను.

"పద్నాలుగైనా పదిహేనైనా ఆ క్లాసు ఏడాది నిలబడేది కాదులే. నాకప్పుడు సంబంధం కుదిరింది. తోటలో ఉండిపోతే పిల్లనిత్తారా? నువ్వే సెప్పు."

"పేరు" అన్నాను.

"ఏ పేరు?"

"పదిహేనుమందిలో ఆ పేరే ఎందుకూ?"

ఆయనతో నేను ఇంత పొడుగు మాట ఎప్పుడూ అనలేదు. ఆయన కప్పు కింద పెట్టారు.

"నువ్వు ఏటీ అనవని" అన్నారు.

అదీ కారణం. మారిముత్తు అయితే బల్ల ఎగరేసేవాడు. లెచ్చుమి అయితే జుట్టు పట్టుకునేది. పద్నాలుగుమందికీ నోళ్లు ఉన్నాయి. స్కేలు పెట్టి గీయడానికి నా కూతురే దొరికింది, నేను తండ్రిని కాబట్టి.

అనూహ్య తిరిగి వచ్చింది. "ఏమైంది సార్, తాతగారు ఒప్పుకున్నారా?"

"ఆలోచిస్తానంటున్నాడమ్మా" అన్నారు ఆయన.

నేను అలా అనలేదు. నేను ఏమీ అనలేదు. దాన్ని కూడా ఆయనే పూరించారు.

ఇంట్లో ఇద్దరి మధ్య అన్న మాట ఇంట్లోనే ఉండిపోతుంది. బయట నేను ఇంకా పదిహేనోణ్ణే. కాబట్టి ఈ అర్జీ.

10. నా మీద అభ్యంతరం. ఇది షామినిది. న్యాయంగా ఉండాలని ఇది కూడా రాస్తున్నాను.

పట్నం బడి పద్దెనిమిది కిలోమీటర్లు. షామిని పామాయిలు మిల్లులో పనికి పోయే ముందు పిల్లను మోటారుసైకిలు మీద దింపి, వెనక్కి వచ్చి, మళ్లీ పనికి పోతుంది. వాన పడితే ఇద్దరూ తడుస్తారు. ఫారం బల్ల మీద పడి ఉండడం చూసి అడిగింది.

"తాతా, నీ పగ తీరీవరకూ నా పిల్ల తడవాలేటి?"

నేను ఫారం మడిచి బిస్కెట్ డబ్బా కింద పెట్టాను.

"నిజం లోకానికి సెప్పు, నేను ఒద్దన్లేదు. కానీ ఇప్పుడు నువ్వు సంతకం ఎట్టకపోతే, అప్పుడు అబద్ధంగా అన్నమాట ఇప్పుడు నిజమైపోద్ది. అప్పుడు నిజంగానే పదిహేనోడివి నువ్వు."

ఈ మాటకు నాకు మూడు వారాలుగా జవాబు దొరకలేదు. తమకు దొరికితే తెలుపగలరు.

11. కోరికలు. పై కారణముల దృష్ట్యా తమరిని ప్రార్థించునది:

అ) కొత్త చట్టంలో ఒక సెక్షను చేర్చవలెను. బడి జాబితాలో ఏ పిల్ల పేరైనా కొట్టివేసినవారు ఆ పక్కనే తమ పూర్తి పేరు, తేదీ, కారణం రాయవలెను. రాయని కొట్టివేత చెల్లదు. ఆ పిల్ల బడిలో ఉన్నట్టే. ట్రస్టు అయినా, సర్కారు అయినా, హెడ్మాస్టరు అయినా ఇదే రూలు. కొబ్బరితోటలో నడిచిన రూలు బడిలో నడవకపోదు. ఐదేళ్లు ప్రయోగం చేసి చూడవచ్చును.

ఆ) ఈ అర్జీని 22న విచారణలో రాజన్ గారే, నిలబడి, ముందు తెలుగులో ఉన్నది ఉన్నట్టు, తరువాత మలాయిలో చదవవలెను. తెలుగు మీకు అర్థం కాదని తెలుసును. అయినా ముందు తెలుగులోనే. వినవలసినవారు కొందరు వెనక కూర్చుంటారు.

ఇ) విచారణ గది తలుపులు తీసి ఉంచవలెను. తోట నుంచి రెండు వ్యాన్లలో వస్తారు. లెచ్చుమికి నడక లేదు, కుర్చీలో తెస్తారు. శర్విన్ వస్తాడు. సుంగై పెటాని నుంచి నా కూతురు సెలవు పెట్టుకుని వస్తుంది. ఎందుకో చెప్పలేదు, రమ్మన్నాను. ఆ రోజు పుష్పం కొట్టు మూసేస్తానంది. టీ దొరకదు, ముందే తాగి రావలెను.

ఈ) చదివేటప్పుడు నేను ఆఖరి కుర్చీలో ఈ అర్జీ నకలు పట్టుకుని, వేలు పెట్టి, పంక్తి పంక్తీ చూసుకుంటూ ఉంటాను. ఒక పంక్తి దాటితే చెయ్యి ఎత్తుతాను. మాట్లాడమని నన్ను అడగవద్దు. చెయ్యి ఎత్తడమే.

ఉ) ఒకవేళ బడి తెరిచే యోగం ఉంటే, తెరిచే రోజు రాజన్ గారు గేటు బయట నిలబడవలెను. ముప్ఫై తొమ్మిదేళ్లు నిలబడమని రాద్దామనుకున్నాను. ఆయనకు అరవై ఏడు. ముప్ఫై తొమ్మిది నిమిషాలు చాలును. గొడుగు ఇవ్వరాదు. తరువాత లోపలికి వచ్చి పాఠం చెప్పుకోవచ్చును. ముందే రాసినట్టు పాఠం బాగా చెబుతారు.

ఊ) ఆ రోజు రిబ్బను కట్టేట్టయితే కత్తెర నా కూతురి చేతికి ఇవ్వవలెను. ప్రసంగం చెయ్యమని అడగవద్దు. నా పోలికే అని పైన రాశాను.

ఇందులో కఠినంగా ఉన్నవి ఏవైనా ఉంటే అవి నావే. కొట్టివేయదలచినచో తమ సంతకం పెట్టి కొట్టివేయగలరు. అభ్యంతరం లేదు.

జతపరచినవి: 1986 నాటి జాబితా జిరాక్సు – ఒకటి. ఐదవ అంశం కొట్టివేతకు సంతకం – ఒకటి.
జతపరచనిది: పదిహేనో ఫారం.

ఆపకుండా, దాటకుండా, తగ్గించకుండా చదివించి చిత్తగించవలెను.

నోరు లేకపోయినా చేతిరాత కలిగిన
తమ విధేయుడు,
సూరినాయుడు
(తోటలో పిలిచే పేరు: పదిహేనోడు)

తాజా కలం:

ఇది కార్యదర్శి గారికి కాదు. అయినా గట్టిగానే చదవాలి.

రాజన్ గారూ, ఇక్కడిదాకా వచ్చారంటే మీ గొంతు ఎండి ఉంటుంది. నాది ముప్ఫై తొమ్మిదేళ్లుగా ఎండే ఉంది. మీకు తెలుగు చదవడం నేర్పిన మీ అమ్మగారు వింటే, ఉచ్చారణ బాగుందనే అంటారు. ఐదో అంశంలో ఆవిణ్ణి తిట్టి కొట్టేశాను. అది తప్పు, అందుకే సంతకం పెట్టాను.

మీ వెనక ఎడమ పక్క మూడో కుర్చీలో నీలం చీర కట్టుకున్న మనిషి సూర్యకుమారి. తెలుగు చదవలేదు. వింటే అర్థమవుతుంది. మూడో ఉత్తరం ఆమెకు ఇవాళ మీరు చదివి పెట్టినట్టే. అందుకే వేరేవారితో చదివించవద్దన్నాను.

షామిని మాటకు జవాబు దొరకలేదని పదో అంశంలో రాశాను. రాసిన మూడు రోజులకు దొరికింది. పదిహేనో ఫారం నింపాను. తర్షిణి పేరు, నా సంతకం, తేదీ. నా చొక్కా జేబులో ఉంది. దానిని బల్ల మీద పెట్టాలా, కాలువలో వెయ్యాలా అన్నది మీకే వదిలాను. అప్పుడు కూడా మీ చేతిలోనే ఉంది కదా.

ఆరో అంశంలో ఖాళీ దగ్గర మీరు మీ పేరు పెట్టి చదివి ఉంటే, నేను ఇప్పుడు ముందుకు నడిచి ఫారం బల్ల మీద పెడతాను. పదిహేను అవుతాయి. బడి మీది. ఆ తర్వాత ఎప్పుడైనా మా ఇంటికి రండి, టీ ఇస్తాను. ఖాళీని ఖాళీగా వదిలేసి దాటి ఉంటే, నేను తలుపు వైపు నడుస్తాను. పద్నాలుగుమంది మళ్లీ నన్నే అంటారు. అననివ్వండి. అలవాటే. కానీ ఈసారి ఎందుకో వాళ్లకు తెలుసు.

ఇంక చదవడానికి ఏమీ లేదు. కాగితం కింద పెట్టి వెనక్కి తిరిగి చూడండి. నేను లేచి నిలబడి ఉంటాను. ఏ వైపు నడుస్తానో ఇందాక ఆరో అంశం దగ్గర మీరే రాసేశారు.